ముందు చక్రం

చెంగమ్మ షోరూంలోకి అడుగుపెట్టక ముందే చేపల వాసన లోపలికి వచ్చింది. ఆమె గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, చీర మీద తొడుక్కున్న మొగుడి చొక్కాను సర్దుకుని, వరసగా నిలబెట్టిన బళ్లను చూస్తూ అక్కడే ఆగిపోయింది. సేల్స్ వాళ్లలో ఎవరూ కుర్చీలోంచి కదల్లేదు. నియాజ్ ఒక్కడే లేచి ఎదురు వెళ్లాడు.

"రాండక్కా, కూర్చోండి" అన్నాడు.

"కూర్చోను నాయనా, కుర్చీకి వాసనంటుతాది. బండి చూపించు" అంది ఆమె.

ఆమెది తడ దగ్గర, పులికాట్ ఒడ్డున ఒక జాలర్ల పల్లె. మొగుడు సుబ్బన్న సరస్సులో పట్టుకొచ్చిన రొయ్యల్ని, చేపల్ని ఐసుపెట్టెలో సర్దుకుని రోజూ పొద్దున్నే మోపెడ్ మీద సూళ్లూరుపేట మార్కెట్టుకు తెస్తుంది. మార్కెట్లో ఆమె ఆడబిడ్డ అలివేలమ్మ కూర్చుని అమ్ముతుంది. మోపెడ్ పాతబడి, బరువుకు వంతెన కూడా ఎక్కనని మొరాయిస్తోంది. అందుకే గేర్ల బండి నేర్చుకుంది. పల్లెలో మగవాళ్లు నవ్వారట. నవ్వినవాళ్లే ఇప్పుడు తమ సరుకు కూడా ఎక్కించుకుపొమ్మని అడుగుతున్నారట. ఈ సంగతులన్నీ ఆమె నిలబడే చెప్పింది. నియాజ్‌కు ఆమె నచ్చింది. మొదట్నుంచీ అతనికి ఆమె మీద ఉన్నది గౌరవమే. తర్వాత అతన్ని ఎక్కువ బాధపెట్టింది కూడా అదే.

నూట ఇరవై అయిదు సీసీ బండి ఒకటి బయట యార్డులో సిద్ధంగా ఉంది, ఎర్రది. చెంగమ్మ దాని సీటు నొక్కింది, వెనక చట్రం పట్టుకుని ఊపింది, ఎక్కి కూర్చుని కాళ్లు నేలకు ఆనుతాయో లేదో చూసుకుంది. దిగాక గోడమీది పోస్టర్ వైపు చెయ్యి చూపించింది.

"ఆ బొమ్మలో బండి గూడా ఇదే గదా. దాని ముందు చక్రం మీద ఏందో రాసుండాదే, దీనికి లేదే?"

"అది ఏబీఎస్ అక్కా. ఆ మోడల్ వేరే."

"అదేం జేస్తాది?"

"బ్రేకు గట్టిగా పడితే చక్రం బిగుసుకోకుండా చూస్తాది."

"బిగుసుకుంటే ఏమవతాది?"

నియాజ్‌కు జవాబు తెలుసు. ట్రైనింగులో చెప్పారు, వీడియో కూడా చూపించారు. కానీ ఆ మోడల్ కావాలంటే బుక్ చేసి ఎదురుచూడాలి. నెలాఖరు. ఆ నెల అతని పేరు మీద అమ్మకాలు లేవు. మేనేజర్ రఘునాథ్ పొద్దున్నే అందరి ముందూ ఆ మాట అన్నాడు. ఎర్ర బండి చూస్తే చేతికి అందేట్టు నిలబడి ఉంది.

"అదంతా స్పీడుగా పోయే కుర్రోళ్ల కోసం అక్కా. మీకెందుకది? మీరు సరుకేసుకుని మెల్లగా పోయేవాళ్లు. ఇన్నేండ్లు మోపెడ్ తోలినారు, ఒక్కసారన్నా పడినారా? మీ చెయ్యే మీకు ఏబీఎస్."

చెంగమ్మ నవ్వింది. ఆ మాట ఆమెకు బాగా నచ్చింది. తన చేతిని ఒకసారి చూసుకుంది కూడా. సాయంత్రానికి సుబ్బన్నను వెంటబెట్టుకుని వచ్చి, దండ వేయించి, నిమ్మకాయలు తొక్కించి బండి తీసుకుపోయింది. మరుసటి వారం మార్కెట్టుకు వచ్చినప్పుడు షోరూం ముందు ఆగి, నియాజ్‌ను పిలిచి, అరిటాకులో చుట్టిన రొయ్యలు చేతిలో పెట్టి పోయింది.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం మినీ ట్రక్కులో ఎర్ర బండి సర్వీసు షెడ్డుకు వచ్చింది. హ్యాండిల్ వంకర తిరిగింది. ఒకవైపు ఫుట్‌రెస్ట్ విరిగింది. ట్యాంకు మీద రోడ్డు గీసిన గీతలున్నాయి. వెంట వచ్చిన సుబ్బన్న గోడకానుకుని నిలబడ్డాడు. చొక్కా నిండా బురద.

"ఏమైంది సుబ్బన్నా?" నియాజ్ పరుగున వచ్చాడు.

"పడింది. తొడ ఎముక విరిగింది. నెల్లూరికి తీసకపోయినారు, కడ్డీ ఎయ్యాలంట." మొహం మీది వాననీళ్లు తుడుచుకున్నాడు. "సన్నంగా వాన పడతా ఉండాది. బర్రెదూడ అడ్డమొచ్చిందంట. బ్రేకు పట్టింది. ముందు చక్రం పక్కకి జారిపాయ. పెద్ద స్పీడు గూడా లేదప్పా. ఎనకాల ఆటోలో వచ్చేవోళ్లు చూసినారు. మెల్లగానే పోతా ఉన్నిందంట."

సుబ్బన్న నెల్లూరు బస్సుకు వెళ్లిపోయాక నియాజ్ షెడ్డులోకి వెళ్లాడు. సర్వీసు పెద్ద మస్తాన్ వలి బండి పక్కన కూర్చుని ముందు చక్రం తిప్పి చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా బళ్ల మధ్య ఉన్న మనిషి, ఎక్కువ మాట్లాడడు.

"మస్తాన్ భాయ్, బ్రేకులో లోపమేమన్నా ఉందా?" నియాజ్ గొంతులో ఆశ ఉంది.

"లేదు. బాగా పనిచేసింది. అంత బాగా పట్టబట్టే చక్రం ఆగిపోయింది."

"ఏబీఎస్ ఉండింటే?"

మస్తాన్ వలి తల ఎత్తి చూశాడు. "ఏబీఎస్ ఉన్న బండ్ల మింద నుంచి పడినోళ్లు గూడా ఈడికే వస్తారు గదా. ఉండుంటే పడేది కాదని నేను చెప్పలేను, ఎవురూ చెప్పలేరు." మళ్లీ చక్రం వైపు చూశాడు. "కానీ తడి రోడ్డు, నేరుగా పోతా ఉండాది, మెల్లగా ఉండాది, భయంతో బ్రేకు పట్టింది. ఇట్టా పడకుండా ఉండేదానికే గదరా అది పెట్టేది."

నియాజ్ ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. భార్య రుహీ రెండుసార్లు అడిగింది. ఒంట్లో బాగాలేదన్నాడు.

చెంగమ్మ నెల్లూరు నుంచి ఇంటికి వచ్చిందని తెలిశాక అతను పండ్లు తీసుకుని పల్లెకు వెళ్లాడు. అంతా చెప్పేయాలనే బయల్దేరాడు. ఏ మాటతో మొదలుపెట్టాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాడు. ఆమె వసారాలో మంచం మీద ఉంది. కాలు కింద దిండ్లు పెట్టారు. అతన్ని చూడగానే ఆమె మొహం వెలిగింది.

"చూడండమ్మే, బండి అమ్మినోడు నన్ను చూసేదానికొచ్చినాడు!" అని ఇరుగుపొరుగును పిలిచింది. "ఎవురన్నా వస్తారా ఈ కాలంలో? అమ్మినాక మొగం చూస్తారా?"

నలుగురు ఆడవాళ్లు చేరారు. ఒకామె టీ తెచ్చింది. నియాజ్ ఆ టీ గ్లాసు పట్టుకుని తల దించుకున్నాడు. అనుకుని వచ్చిన మాట ఆ నలుగురి ముందు చెప్పలేకపోయాడు.

"నాదే తప్పు నాయనా" అంది చెంగమ్మ. "నా చెయ్యి మింద నాకు నమ్మకం ఎక్కువయ్యింది. దూడ కనపడంగానే గట్టిగా పట్టేసినా. నువ్వు బండి మంచిదే ఇచ్చినావు."

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. దానికి బదులు, "సరుకు మార్కెట్టుకు ఎట్లా పోతా ఉందక్కా?" అని అడిగాడు.

ఎట్లా పోతుంది? ఒడ్డుకు వచ్చే బేరగాడు తోచిన ధర చెప్పి ఎత్తుకుపోతున్నాడు. సుబ్బన్నకు బండి రాదు. అలివేలమ్మ మార్కెట్లో ఖాళీ పీట ముందు కూర్చుంటోంది.

"నేను తీసకపోతా" అన్నాడు నియాజ్. "షోరూం తెరిచే లోపల వచ్చి పెట్టె తీసకపోయి అలివేలమ్మక్కకు ఇచ్చేస్తా. మీరు లేచి తిరిగేదాకా."

చెంగమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. సుబ్బన్న అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

మరమ్మతైన ఎర్ర బండిని అతనే తెచ్చుకున్నాడు. వెనక ఐసుపెట్టె కట్టే చట్రం దానికే ఉంది. రోజూ తెల్లారేసరికి పల్లెలో ఉండేవాడు. సుబ్బన్న పెట్టె ఎత్తి కట్టేవాడు. నియాజ్ హైవే మీదుగా మార్కెట్టుకు చేర్చి, ఇంటికి వెళ్లి స్నానం చేసి షోరూంకు వచ్చేవాడు. ఎంత తోముకున్నా వాసన పోయేది కాదు. రఘునాథ్ మొహం చిట్లించి, "నియాజ్, కస్టమర్లు దూరం పోతా ఉండారప్పా. ఇదేం సేవ?" అన్నాడు. పల్లెలో ముసలివాళ్లు అతనికి దండం పెట్టడం మొదలుపెట్టారు. అలివేలమ్మ మార్కెట్లో పక్కవాళ్లకు అతన్ని చూపించి, "మా వదినకు దేవుడిచ్చిన తమ్ముడు" అని చెప్పేది. అలాంటి మాట విన్న ప్రతిసారీ అతనికి దొంగసొమ్ము జేబులో వేసుకున్నట్టు ఉండేది.

ఒక ఆదివారం రుహీ అతని చొక్కా నానబెడుతూ అడిగేసింది.

"ఎందుకు చేస్తా ఉన్నారు ఇదంతా? ఎవరో కస్టమర్ పడిందని ఇన్ని దినాలు చేపలు మోసేవాళ్లు ఉంటారా?"

అతను చెప్పాడు. పోస్టర్, ఆమె అడిగిన ప్రశ్న, తను అన్న మాట, అన్నీ చెప్పాడు. రుహీ చేతులు నీళ్లలోనే పెట్టుకుని వింది.

"ఆమెకు చెప్పినారా?"

"చెప్పి ఏం లాభం? కాలు తిరిగొస్తాదా? ఊరికే ఆమె మనసు కష్టపెట్టినట్టు. దానికంటే ఈ పని చేస్తే ఆమెకు ఉపయోగం."

"ఆమెకు ఉపయోగమే" అంది రుహీ. "కానీ ఆమె తన తప్పే అనుకుంటా ఉందన్నారు గదా. ఆ బరువు గూడా మీరే మోయాల. పెట్టె ఒకటే మోస్తే చాలదు."

నియాజ్ లేచి బయటికి వెళ్లిపోయాడు. కోపం వచ్చింది, ఆమె మీద కాదు. అయినా ఆ మరుసటి రోజు కూడా చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు. రేపు రేపు అనుకుంటూ గడిపాడు.

ఒకరోజు పొద్దున ముసురు పట్టి ఉంది. పెట్టె బరువుగా ఉంది, ఐసు నీళ్లు కారుతున్నాయి. పొలాల్లోంచి వచ్చిన ట్రాక్టర్లు రోడ్డు మీద బురద చారలు వదిలి వెళ్లాయి. నియాజ్ జాగ్రత్తగానే నడుపుతున్నాడు. తాడిచెట్ల మలుపు దాటి నేరు రోడ్డు ఎక్కాక, ఎడమపక్క గట్టు మీంచి ఒక పంది రోడ్డు మీదికి దూకింది.

అతను ఏమీ ఆలోచించలేదు. చెయ్యి తనంతట తానే బిగిసింది. ముందు చక్రం తిరగడం ఆగిపోయింది. అది అతనికి చేతుల్లో తెలిసింది. అప్పటిదాకా మాట వినే బండి ఒక్కసారిగా మాట వినడం మానేసింది. హ్యాండిల్ ఎటో పోయింది. ఆకాశం, రోడ్డు ఒకటై కనిపించాయి. భుజం నేలకు తగిలింది.

లేచి కూర్చునేసరికి బండి పక్కకు పడి ఉంది. పెట్టె మూత ఊడి రొయ్యలు తారు మీద తెల్లగా పరుచుకున్నాయి. పంది ఎప్పుడో వెళ్లిపోయింది. మోచెయ్యి చీరుకుపోయింది గానీ ఎముకలేవీ విరగలేదు. వెనక లారీ ఏదీ రాకపోవడం అతని అదృష్టం. ఒక కాలేజీ బస్సు డ్రైవరు ఆగి, అతన్ని లేపి, రొయ్యలు పెట్టెలోకి ఎత్తడానికి సాయం చేశాడు. "ముందు బ్రేకు అంత గట్టిగా పట్టబాకప్పా వానలో" అన్నాడు.

పట్టకూడదని నియాజ్‌కు తెలుసు. వందలమందికి చెప్పాడు కూడా. తెలిసి కూడా అతని చెయ్యి పట్టింది. ఎదురుగా అడ్డం వచ్చినప్పుడు ఏ చెయ్యైనా అదే చేస్తుంది. మీ చెయ్యే మీకు ఏబీఎస్ అన్నాడు ఆమెతో. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని అతను చాలాసేపు లేవలేకపోయాడు. భయం తగ్గాక ఏడుపు వచ్చింది.

మార్కెట్టుకు వెళ్లలేదు. బండి తిప్పి పల్లెకే వెళ్లాడు. చెంగమ్మ కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద చాపుకుని రొయ్యలు వలుస్తోంది. రక్తం చూసి కంగారుపడింది.

"అయ్యో, పడినావా? ఏమయ్యా, నీళ్లు తే! నా పని చేయబోయి నువ్వు పడితివే..."

"అక్కా, ముందు నా మాట వినండి." అతను ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "మీరు బండి కొనేటప్పుడు ఏబీఎస్ గురించి అడిగినారు. మీకు అక్కర్లేదన్నాను. అది అబద్ధం. అక్కరుందో లేదో నేను యోచన చెయ్యనే లేదు. ఆ మోడల్ వచ్చేదానికి చానా దినాలు పడతాది. ఆ రోజు ఎర్ర బండి అమ్ముడుపోవాల. అందుకే అట్లా చెప్పినా."

చెంగమ్మ చేతులు ఆగాయి. సుబ్బన్న చెంబుతో గడప దగ్గరే నిలబడిపోయాడు.

"అది ఉండుంటే నేను పడుందునా?"

"తెలీదక్కా. పడకపోయుందురేమో. తడి రోడ్డు మీద అది పనికొస్తాది. ఈ పొద్దు నేను పడినప్పుడు నాకు అర్థమయింది."

"ఉండినా పడుందునేమో గూడా."

"ఉండొచ్చు."

ఆమె ఒక రొయ్య తీసి వలిచి గిన్నెలో వేసింది. ఇంకోటి తీసింది.

"ఆ యోచన నేను గదా చెయ్యాల్సింది" అంది చివరికి. గొంతు పెద్దది చేయలేదు. "నేను అడిగినా. నోరు తెరిచి అడిగినా. ఆగతానో, ఇదే తీసకపోతానో, అది నా ఇష్టం. నా తరపున నువ్వే తేల్చి చెప్పేసినావు. నేను మంచంలో పడుకోని రోజూ నా చేతినే తిట్టుకుంటా ఉండా. ముప్పై ఏండ్లు పెట్టె మోసిన చెయ్యి, నన్ను మోసం చేసెనే అని."

నియాజ్ తల ఎత్తలేదు.

"ఇన్ని దినాలూ దీనికోసరమేనా పెట్టె మోసింది? నేను నిన్ను నా తమ్ముడనుకుంటిని. పల్లెంతా చెప్పుకుంటిని."

"అక్కా..."

"రక్తం కడుక్కోని పో. రేపట్నించి రావాకు."

సుబ్బన్న అతని మోచేతి మీద నీళ్లు పోశాడు. అతను తిట్టి ఉంటే బాగుండునని నియాజ్‌కు అనిపించింది. బండి అక్కడే వదిలి, రోడ్డు దాకా నడిచి బస్సెక్కాడు.

తర్వాత రోజుల్లో పొద్దున్నే మెలకువ వచ్చేది, చేయడానికి పనేమీ ఉండేది కాదు. చేపల వాసన చొక్కాల్లోంచి పోయింది. షోరూంలో మాత్రం అతని మాట మారింది. ఎవరు వచ్చినా రెండు మోడళ్ల గురించీ చెప్పేవాడు. ఇది ఇప్పుడే ఇస్తాం, అది ఆలస్యమవుతుంది, తేడా ఇదీ అని చెప్పి ఊరుకునేవాడు. కొందరు ఆగేవారు, కొందరు ఎదురుగా ఉన్న బండే తీసుకుపోయేవారు, కొందరు విసుగెత్తి వేరే షోరూంకు వెళ్లేవారు. రఘునాథ్ రెండుసార్లు హెచ్చరించి, అతన్ని విడిభాగాల కౌంటర్లోకి మార్చాడు. నియాజ్ కాదనలేదు. అక్కడ మనుషులకు సలహాలు చెప్పాల్సిన పని లేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు చెంగమ్మ వచ్చింది. చేతికర్ర ఉంది, నడకలో కొంచెం ఒరుగు ఉంది. సేల్స్‌లో కొత్తగా చేరిన సమీరా ఎదురు వెళ్లింది. కౌంటర్ వెనక నుంచి నియాజ్ లేచి నిలబడ్డాడు గానీ ముందుకు రాలేకపోయాడు. చెంగమ్మ అతన్ని చూసింది. పలకరించలేదు.

"ఏబీఎస్ ఉండే బండి తోలి చూడాల" అంది సమీరాతో. "ఊరికే గాదు. నేల తడపండి."

సర్వీసు షెడ్డు వెనక బళ్లు కడిగే సిమెంటు నేల ఉంది. మస్తాన్ వలి గొట్టంతో అంతా తడిపి, తోలి చూసేవాళ్ల కోసం ఈమధ్యే షోరూంకు వచ్చిన ఏబీఎస్ బండిని తెచ్చి నిలబెట్టాడు. చెంగమ్మ కర్ర పక్కన పెట్టి, నొప్పికి పళ్లు బిగించి కాలు ఎత్తి బండెక్కింది. నియాజ్ కౌంటర్ వదిలి వచ్చి షెడ్డు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆమె చివరిదాకా వెళ్లి, తిరిగి, కొంచెం వేగంగా వచ్చి బ్రేకు గట్టిగా పట్టింది. బండి టకటకమని అదిరింది, ముక్కు కిందికి వంచింది, నేరుగా వచ్చి ఆగింది.

చెంగమ్మ దిగలేదు. బ్రేకు మీది నుంచి చెయ్యి తీయకుండా అలాగే కూర్చుంది. తర్వాత ఆమె బండి తిప్పి మళ్లీ వెళ్లింది, మళ్లీ పట్టింది. మళ్లీ నేరుగానే ఆగింది. పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది. నియాజ్ తలుపు చాటుకు జరిగి గోడ వైపు తిరిగాడు.

లోపలికి వచ్చాక సమీరా ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టింది. "ఇది ఉంటే ఇంక మీకు భయమే లేదమ్మా!"

"భయమే లేదా?" చెంగమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మా ఒడ్డున ఇసక ఉండాది. ఇసకలో గూడా ఇట్టనే ఆగతాదా?"

సమీరా తడబడింది. కౌంటర్ వైపు చూసింది. చెంగమ్మ కూడా అటే చూసింది.

"చెప్పు" అంది. ఆ రోజు నియాజ్‌తో ఆమె అన్న మొదటి మాట అదే.

అతను కౌంటర్ పట్టుకుని నిలబడ్డాడు. "ఇసకలో ఆగదక్కా. దూరం ఎక్కువ తీసుకుంటాది. మలుపులో ఒరిగినప్పుడు పట్టినా జారొచ్చు. ఇది ముందు చక్రానికి మాత్రమే, ఎనక చక్రం మామూలే. పెట్టె బరువు ఉంటే ఇంకా ముందుగా పట్టాల. ఇది ఉండాదని వేగం పెంచితే ఏమీ లాభం లేదు. నేరు రోడ్డు మీద, తడిలో, భయపడి పట్టినప్పుడు... అప్పుడు పనికొస్తాది."

"ఎన్నాళ్లకొస్తాది బండి?"

"మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. ఇంకా ఎక్కువైనా కావచ్చు."

చెంగమ్మ తల ఊపింది. సమీరా వైపు తిరిగింది.

"నీ పేరు మింద రాసుకోమ్మా. ఆయన పేరు మింద గాదు."

సమీరా ఇబ్బందిగా నియాజ్‌ను చూసింది. రాసుకొమ్మన్నట్టు అతను తల ఆడించాడు. చెంగమ్మ కర్ర అందుకుని మెట్లు దిగింది. అతను దిగి చెయ్యి పట్టుకోబోయి, ఆమె అడగలేదని గుర్తొచ్చి ఆగాడు. ఆమె చెయ్యెత్తి ఆటోను ఆపి, ముందు మంచి కాలు, తర్వాత రెండో కాలు పెట్టి మెల్లగా ఎక్కింది. ఆటో రైల్వేగేటు వైపు మలుపు తిరిగేదాకా అతను మెట్ల మీదే నిలబడ్డాడు. లోపల కౌంటర్ దగ్గర ఎవరో బ్రేకు షూలు కావాలని పిలుస్తుంటే, వెళ్లి తీసిచ్చాడు.